సాలమ్మ పోగు

ఐదో ప్రశ్నకు జవాబు రాయక తప్పదని ప్రశ్నపత్రం మీద నల్లటి అక్షరాలతో అచ్చేశారు గానీ, నేను దాన్నుంచి చాలాసేపుగా తప్పించుకుంటూనే ఉన్నాను, కాసేపు కిటికీలోకి, కాసేపు గిరగిరా తిరిగి కూడా గాలి ఇవ్వని ఫ్యానులోకి, కాసేపు బెంచీ మీద ఎవరో ప్రేమికుడు కంపాసు ముల్లుతో చెక్కిన గుండెకాయలోకి. ‘స్వతంత్ర డైరెక్టరు అనగానెవరు? కంపెనీ పాలనలో అతని పాత్రను మీ స్వానుభవంలోని ఉదాహరణతో వివరింపుము.’ వివరింపుమట. నా స్వానుభవంలో డైరెక్టరంటే, నాచారంలో నేను పనిచేసిన సీసా మూతల ఫ్యాక్టరీకి ఏడాదికోసారి కారులో వచ్చి, దిగకుండానే అద్దం దించి, అంతా మంచిగనే ఉన్నదా అని అడిగి, జవాబు వినకుండా అద్దం ఎత్తుకుని పోయే పెద్దమనిషి. ఆయన స్వతంత్రుడో కాడో నాకెలా తెలుస్తుంది, ఆయనకు కాళ్లున్నాయో లేవో కూడా నేను చూడలేదు. బయట గంట కొట్టారు, ఇంకొక్క గంట మిగిలిందని. ఇన్విజిలేటరు ఆ మాటే మళ్లీ నోటితో చెప్పాడు, మాకు చెవులు లేనట్టు. పాపం మంచివాడే. పొద్దున నేను గదిలోకి అడుగుపెట్టగానే ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చిందనుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, వెనక బెంచీల కుర్రవాళ్లు జేబులు తడుముకున్నారు. నేను కూడా వాళ్ల భయం పాడుచేయడం ఎందుకని గదంతా ఒకసారి పెద్దరికంగా చూసి, తర్వాత నెమ్మదిగా వెళ్లి నా నంబరు దగ్గర కూర్చున్నాను. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. తెల్ల మీసంతో బీకాం రాసే మనిషిని ఉప్పల్‌లో ఎవరూ చూసి ఉండరు.

నేను మాత్రం చదువుకోవాలని వచ్చానా? మా ఊరి బడిలో ఏడోది గట్టెక్కించి, ఇక ఇతనికి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదని పంతులే దండం పెట్టాడు. ఇది నేను చెప్పే తీరు, పంతులు చెప్పే తీరు వేరు. ఆ దండంతోనే నాచారం వచ్చి, మూతలు కొట్టి కొట్టి రిటైరయ్యాను. చదువంతా నా వెనక బెంచీలో కూర్చున్న స్వర్ణలతది. మా ఉపేందర్ పెళ్లాం, నా కోడలు. పెళ్లయ్యేనాటికి ఇంటర్ ఆగిపోయింది, నాచారంలోనే మందుల డబ్బాలు కట్టే కంపెనీలో స్టోర్సు చూస్తుంది. దూరవిద్యలో డిగ్రీ కడతానని ఆమె అన్ననాడు, ఆదివారం ఆదివారం ఒక్కతీ క్లాసుకు ఎట్లా పోతదని దుర్గమ్మ, అంటే నా ఇల్లాలు, నీళ్లు నమిలింది. నాకు షిఫ్టుంటదని ఉపేందర్ తల గోక్కున్నాడు. నేను ఊరికే ఉండలేక, నేను పోత తోడు అన్నాను. తోడు పోయేవాడికి క్లాసులో కుర్చీ ఇవ్వరట, విద్యార్థికే ఇస్తారట. సరే, అర్హత పరీక్ష రాసి నేనూ విద్యార్థినయ్యాను. కుర్చీ కోసం డిగ్రీ కట్టినవాణ్ని నేనొక్కణ్నే. ఒకే రోజు ఫారాలు ఇచ్చినందుకు మా నంబర్లు కూడా వెనకా ముందూ వచ్చాయి, ఏ పరీక్షకైనా ముందు మామ, వెనక కోడలు. అన్ని పేపర్లూ ఆమె పరుగెత్తుకుంటూ దాటింది, నేను పాకుతూ దాటాను. ఇద్దరం కలిసి బోర్లా పడింది ఈ ఒక్క పేపరులోనే, వ్యాపార నీతి, కంపెనీ పాలన.

ఎట్లా పడ్డామో చెబితే యూనివర్సిటీ వాళ్లు కూడా నవ్వుతారు. పోయినసారి కూడా ఇట్లాగే స్వానుభవం అడిగాడు. నేను పొంగిపోయి మా మూతల మిషన్ గురించి రాశాను. ఆ మిషన్‌కు ఒక గుణం ఉండేది, అబద్ధమాడినవాడు ముట్టుకుంటే ఆగిపోయేది. సూపర్‌వైజరు చెయ్యి వేస్తే చాలు, గుర్రుమని ఒక మూలుగు మూలిగి నిలబడిపోయేది, ఆయన బాత్‌రూముకు పోతే మళ్లీ దానంతటదే నడిచేది. ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కు ఆఫీసర్లు వచ్చి వరుసగా దాని మీద చేతులు పెట్టేసరికి నాచారం మొత్తం కరెంటు పోయింది. ఇదంతా వివరంగా, బొమ్మ కూడా వేసి రాశాను. మార్కులు వేసినాయన బహుశా ఆ కాగితం మీద చెయ్యి పెట్టలేదు. స్వర్ణ మాత్రం ఆ ప్రశ్న ఖాళీగా వదిలిపెట్టి వచ్చింది. గైడులో ఉదాహరణ ఉన్నది గద బిడ్డా, అది రాస్తే అయిపోవు గద అంటే, అది గైడు రాసినాయన అనుభవం మామా, నాది గాదు గద అంది. నీతి పేపరులో అబద్ధం ఎట్ల రాస్తరని అడిగింది. నిజం చెప్పి ఆమె తప్పింది, అబద్ధం చెప్పి నేను తప్పాను, యూనివర్సిటీ ఇద్దరికీ ఒకే న్యాయం చేసింది. నాకు పోయిందేమీ లేదు, ఇంకో ఏడాది కుర్చీ దొరికింది. ఆమెకు పోయింది. స్టోర్సు పెద్దగా ఉన్నాయన దసరాకు పని మానేస్తున్నాడు, అప్పటికి డిగ్రీ చేతిలో ఉంటే ఆ కుర్చీ నీదేనమ్మా, లేకపోతే బయటినుంచి ఎవరినో తెచ్చి నీ మీద కూర్చోబెడతాం అని కంపెనీ సారు చెప్పాడు. మొన్నటి సమ్మెలకూ బందులకూ ఈ పరీక్ష ఎన్నిసార్లు వాయిదా పడిందో, పడిన ప్రతిసారీ ఆమె క్యాలెండరు వైపు చూసేది. తెలంగాణ రావాల్నని ఆమెకూ ఉంది, దానికంటే ముందు పరీక్ష రావాల్నని ఉంది. ఈసారి తప్పితే మళ్లీ రాసేసరికి దసరా దాటిపోతుంది.

కలం చప్పుడు రావడం లేదు. నాకు వెనక కళ్లు లేవు గానీ చెవులున్నాయి, స్వర్ణ రాస్తుంటే ఆమె గాజులు బెంచీ చెక్కకు తగిలి సన్నగా మోగుతాయి, ఇంట్లో కూడా ఆ మోత వింటూ నిద్రపోవడం అలవాటైంది. మొదటి నాలుగు ప్రశ్నలకూ మోగీ మోగీ, ఐదోదాని దగ్గర ఆగిపోయాయి. అంటే మళ్లీ అక్కడే. ఉదాహరణ దొరకలేదు. హరిత మేడం ఎంత చెప్పింది, ఆదివారం క్లాసుల్లో. కాకినాడ నుంచి వచ్చిన చిన్న వయసు మేడం, నన్ను బాబాయిగారూ అనేది. పుస్తకంలో కంపెనీలు పెద్దవి కావచ్చండీ, కానీ పాలన అనేది నలుగురు కలిసి పంచుకునే ప్రతిచోటా ఉంటుంది, మీ చుట్టూ చూడండి అనేది. నేను నా చుట్టూ చూసి మిషన్ కథ చెప్పేవాణ్ని, క్లాసంతా పడీ పడీ నవ్వేది, మేడం కూడా నవ్వి, బాబాయిగారూ ఇలా రాస్తే మార్కులు పడవండీ అని కళ్లద్దాలు తుడుచుకునేది. స్వర్ణ నవ్వేది కాదు. నా బతుకుల ఏ కంపెనీ ఉన్నది మామా, పొద్దున డబ్బాలు, రాత్రి రొట్టెలు, అని దారిపొడుగునా అదే మాట, నాచారం ఆటో దిగేదాకా.

‘‘మామా.’’

చిన్నగా, ఊపిరికంటే కొంచెం పెద్దగా. కోడలై వచ్చినప్పటినుంచి ఈ పిల్ల నన్ను ఏదీ అడిగి ఎరగదు, ఆఖరికి టీవీలో కార్యక్రమం మార్చమని కూడా. ఇప్పుడు అడుగుతోందంటే ఎంత ఎండిపోయి అడుగుతోందో. ఇన్విజిలేటరు కిటికీ దగ్గరున్నాడు. మధ్యాహ్నం స్టేడియంలో మ్యాచి, పొద్దుటినుంచే బూరలు ఊదుకుంటూ ముఖాలకు రంగులేసుకున్న పిల్లలు పోతున్నారు, మెట్రో రైలుకు తవ్విన గుంతల పక్కనుంచి, రేకుల సందుల్లోంచి. ఆయన మెడ బయట, మొండెం లోపల. ఇంతకంటే మంచి ముహూర్తం పంతులు కూడా పెట్టలేడు. నేను కొంచెం కుడివైపు జరిగితే చాలు, నా కాగితం వెన్నెల్లా ఆమెకు పరుచుకుంటుంది. జరగాలా? ఇది లెక్కల పేపరైతే ఎప్పుడో జరిగేవాణ్ని, దేవుడు క్షమిస్తాడు, లెక్కల్లో ఆయనకూ అంతగా పట్టు లేదు. ఇది నీతి పేపరు. నీతి పేపరులో కాపీ కొట్టి పాసై, ఆ డిగ్రీ ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే, పక్క గోడకున్న మా నాయన ఫోటో నన్నే చూస్తుంది. పైగా గైడులోదే అబద్ధమన్న పిల్ల, మామ కాగితంలోది రాసి, రేపు స్టోర్సు కుర్చీలో కూర్చుని ఆ కుర్చీ గుచ్చుకుంటోందని లేచి నిలబడితే? మళ్లీ ఇంకోవైపు, దసరా. బయటివాడెవడో వచ్చి ఆమె పేర్చిన డబ్బాల మధ్య కుర్చీ వేసుకుంటాడు. జరుగు రాజయ్యా. జరగకు రాజయ్యా. నడుము సగం జరిగి ఆగిపోయింది, అటు కాదు ఇటు కాదు, షేరాటోలో డ్రైవరు పక్కన కూర్చున్నట్టు.

కిటికీలోంచి మసాలా వాసన. ఈ కాలేజీ వెనక ఎవరింట్లోనో ఆదివారం ఉడుకుతోంది, అల్లం వెల్లుల్లి, కాస్త మాడిన ఉల్లిగడ్డ. మా బస్తీలో ఈపాటికి యాటను కోసి ఉంటారు. అందరం కలిసి తెచ్చుకున్న మేకపోతు, నెలలో ఒక ఆదివారం. దామోదర్ కత్తి ఆడించి ముక్కలు కొడతాడు, నీలం పట్టా మీద మోదుగాకులు పరిచి, ఇంటికొక పోగు. కార్జం అన్నిట్లో పడాలి, బొక్క అన్నిట్లో పడాలి, ఎంత సరిగ్గా వేసినా ఒక పోగు ఇంకో పోగుకంటే కంటికి నిండుగానే కనిపిస్తుంది, అది మాంసం గుణం. అందుకే పంచేటప్పుడు ఒకరు గోడ వైపు తిరిగి నిలబడాలి. ఇన్నేళ్లుగా ఆ గోడ నాది. దామోదర్ కత్తి మొనతో ఏదో ఒక పోగును చూపించి వెనకనుంచి అడుగుతాడు, ఇది ఎవలకు అని. నేను చూడకుండా ఒక పేరు చెబుతాను. ఇది తారామణికి. ఇది ఎవలకు? ఇది శాంతాబాయికి. మా ఇంటి పేరు అందరికంటే చివర. ఒకసారి వెనక కుక్క తుమ్మితే, కుక్క తుమ్మడం ఏమిటని మెడ తిప్పాను, అంతే, సాలమ్మ లేచి పోగులన్నీ మళ్లీ కలిపించింది, రాజయ్య జూసిండు, ఇగ ఈ కూర తింటే నాకు అరగదు అని. మా బస్తీలో అందరికంటే పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది, పళ్లు లేవు గానీ కూర లెక్క దగ్గర ఆమె నోటికి ఎదురులేదు. ఆమె నోటికి భయపడి మొదటి పోగుకు ఆమె పేరే పిలవడం నాకు అలవాటు. అప్పటినుంచీ వెనకనుంచి ఎవరు పిలిచినా నా మెడ తిరగడం మానేసింది. బస్సులో కండక్టరు పిలిచినా ముందుకే చూస్తూ మాట్లాడతాను. ఈరోజు నా పరీక్ష అని ఆ గోడ దగ్గర త్రిమూర్తులుగారిని నిలబెడతామన్నారు, పాలకొల్లు నుంచి వచ్చిన పక్కింటాయన, మంచి మనిషి, మరీ మంచి మనిషి. ఆయన మెడను నేను నమ్మను. పోగులు పడిపోయి ఉంటాయి, ఎండకు దుర్గమ్మ తడిగుడ్డ కప్పి ఈగలు తోలుతూ ఉంటుంది, నీలం పట్టా, మోదుగాకులు, గోడకు సున్నం పెచ్చులూడిన చోటు ఏనుగు తొండంలా, దాన్నే చూస్తూ నేను, కళ్లు బరువెక్కుతూ, వెనక దామోదర్ కత్తి ఎత్తి…

‘‘మామా, ఇది…’’

‘‘సాలమ్మకు.’’

గట్టిగానే చెప్పినట్టున్నాను. బస్తీలో చెప్పేంత గట్టిగా. గది మొత్తం కలాలు ఆగిపోయాయి, తర్వాత నవ్వు, ముందు వరసనుంచి మొదలై గోడలకు కొట్టుకుంటూ వెనక్కి పోయింది. ఇన్విజిలేటరు కిటికీలోంచి తలను లోపలికి తెచ్చుకున్నాడు. నా దగ్గరికి వచ్చి నా కాగితం చూశాడు, బెంచీ కింద చూశాడు, తర్వాత హాజరు కాగితం తీసి పైనుంచి కిందిదాకా వేలు జరిపాడు.

‘‘సాలమ్మ ఎవరు తాతా? ఈ రూములో ఆ పేరే లేదు. ఎవలకు ఏమిస్తున్నవు?’’

‘‘యాటకూర సారూ. ఆమె ఈడ లేదు, నాచారంల ఉన్నది. జర కన్నంటుకున్నది.’’

ఆయన నవ్వాలా కోప్పడాలా అని కాసేపు ఆలోచించి, రెండూ సగం సగం చేసి, కునికితే బయటికి పంపిస్తానని చెప్పి పోయాడు. ఈసారి కిటికీ దగ్గరికి కాదు, మా ఇద్దరి పక్కనే నిలబడ్డాడు. అయిపోయింది. జరగాలా వద్దా అన్న తంటా కూడా తీరిపోయింది, ఇక ఈగ కూడా అటునుంచి ఇటు దాటలేదు. కోడలు నోరు తెరిచి అడిగితే నేను చేసిన సాయం ఇది. నిద్రలో కూర పంచాను. ముసలివాళ్లను పరీక్షలకు రానివ్వకూడదు. సిగ్గుతో చెవులు కాలుతుంటే తల దించుకుని, ఏదో ఒకటి నింపాలి కదా అని, గైడులో చదివిన నిర్వచనం గుర్తున్నంత రాసి, కిందికి దిగేసరికి చెయ్యి ఆగక మళ్లీ మిషన్ కథే మొదలుపెట్టాను, ఈసారి అది ఆగడమే కాదు, అబద్ధమాడినవాడి వేలు పట్టుకుని వదలదు. రాస్తుంటే బాగానే ఉంది. అప్పుడు వినిపించింది. గాజులు. ఒకసారి మోగి ఆగాయి, మళ్లీ మోగాయి, ఇక ఆగలేదు. చెక్కమీద వాన మొదలైనట్టు. మధ్యలో ఒకసారి ముక్కుతో నవ్విన చప్పుడు కూడా. కాసేపటికి, సార్, అడిషనల్ షీటు, అంది నా కోడలు, తలెత్తి, పెద్ద గొంతుతో, ఇంట్లో ఎప్పుడూ వినని గొంతుతో. ఏం దొరికింది దీనికి? ఎక్కడ దొరికింది? అడగడానికి లేదు, తిరగడానికి లేదు, చివరి గంట కొట్టేదాకా ముందున్న గోడను చూస్తూ ఆ వానే వింటూ కూర్చున్నాను.

బయట బూరలు, జెండాలు, మండే ఎండ. ఆ మందిలోంచి ఈదుకుంటూ నాచారం ఆటో పట్టుకున్నాం. అడ్డంగా ఒక మేక పోతే డ్రైవరు బ్రేకు వేశాడు, స్వర్ణ దాన్ని చూసి మళ్లీ ముక్కుతో నవ్వింది. ఏమి రాసినవు బిడ్డా అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది. పోగులు రాసిందట. దామోదరన్న కోస్తాడు గానీ పంచడు. పంచేటాయన చూడడు. చూసేటందుకు బస్తీ అంతా కూర్చుని ఉంటది. ఏ పోగు ఎవరికి పోవాల్నో చెప్పేటాయన అందరికంటే చివర తన పేరు చెప్పుకుంటడు, ఆయన మెడ ఒక్కసారి తిరిగినా పోగులన్నీ మళ్లీ కలుపుతరు. కంపెనీల గట్ల గోడ దిక్కు నిలబడేటాయననే స్వతంత్ర డైరెక్టరు అంటరు, అని ముగించిందట. ఆయనకు కూడా పోగు ఉండుడు మంచిదా కాదా అని ఒక పేజీ వేరే రాసిందట. నేను నోరు తెరిచి విన్నాను, నోట్లోకి నాచారం దుమ్మంతా పోయింది. ఇన్నేళ్లు ఆ గోడ దగ్గర నిలబడ్డవాణ్ని నేను, నాకెందుకు తట్టలేదు? అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

‘‘మామా, సాలమ్మ పేరు నువ్వు చెప్పినంకనే నాకు యాదికొచ్చింది. గిది కాపీ అయితదా? అయితే రేపు పోయి మేడంకు చెప్పొస్త.’’

చెప్పొస్తుంది కూడా, దీన్ని నమ్మడానికి లేదు.

‘‘నేను ఎన్కకు మర్రి జూసిన్నా బిడ్డా?’’

‘‘లే.’’

‘‘నా కాయితం నువ్వు జూసినవా?’’

‘‘జూడలే. నీ ఈపు జూసిన.’’

‘‘మంచిదైంది. కాయితం జూస్తే ఫెయిలైతుంటివి. అండ్ల మిషన్ కథ రాసిన.’’

ఆమె నన్ను చూసింది, ఆటోలో పక్కన కూర్చున్నావిడ నన్ను చూసింది, ఆఖరికి డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. తర్వాత స్వర్ణ నవ్విన నవ్వు నాచారం చౌరస్తాదాకా ఆగలేదు. ఆ పేపరులో ఆమెకు వచ్చిన మార్కులు చెబితే దిష్టి తగులుతుంది, నావి చెబితే మీకు కడుపు నొప్పి వస్తుంది, రెండూ చెప్పను. దసరా తర్వాత మళ్లీ నేనొక్కణ్నే క్లాసుకు పోతుంటే, ఆదివారం సెలవు కదా అని స్టోర్సు ఇన్‌ఛార్జి మేడం నాకు తోడు వచ్చేది. తోడువాళ్లకు కుర్చీ ఇవ్వలేదు, గుమ్మం బయట మెట్ల మీద కూర్చునేది. ఆ సంగతి వేరే.

బస్తీలోకి అడుగుపెట్టేసరికి పోగులు ఇంకా పట్టా మీదే ఉన్నాయి, తడిగుడ్డ కింద. అందరూ నీడపట్టున కూర్చుని ఆకలితో నన్ను తిట్టుకుంటున్నారు. త్రిమూర్తులుగారు గోడ దగ్గర నిలబడ్డారట, పేర్లు కూడా చక్కగా చెప్పారట, కాకపోతే దామోదర్ అడిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి మరీ చెప్పారట. మనిషి అడిగితే ముఖం చూడకుండా ఎలా చెబుతామండీ, మర్యాదగా ఉండొద్దూ, అని నాతో మొరపెట్టుకున్నారు. సాలమ్మ పోగులన్నీ కలిపించి, ఆ ముసలోడు వచ్చేదాక ఎవరూ ముట్టొద్దని కూర్చుందట. వచ్చినవు గద, నిలబడు, అంది. నాకు కాళ్లు గోడ వైపు వాటంతటవే కదిలాయి, సగం పోయి ఆగాను. నేను గాదు, కొత్త డైరెక్టరు వచ్చింది అని చెప్పి స్వర్ణను చూపించాను. ఆడపిల్ల నిలబడుడేందని దుర్గమ్మ ఏదో అనబోయింది, సాలమ్మ చెయ్యెత్తి, మెడ నిలిస్తే చాలు అంది. స్వర్ణ చేతిలోని పరీక్ష అట్ట నాకిచ్చి, కొంగు దోపుకుని, ఏనుగు తొండం పెచ్చుకు ఎదురుగా నిలబడింది.

నేను వచ్చి అందరితోపాటు నేల మీద కూర్చున్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి ఈ వైపు. దామోదర్ కత్తి పోగుల మీద తిరిగి తిరిగి ఒకచోట ఆగింది, కార్జం పైకి తేలిన పోగు మీద, నోరూరే పోగు మీద. అందరి కళ్లూ ముందు ఆ పోగు మీద, తర్వాత ఒక్కసారిగా ఆ వీపు మీద. చెమటకు రవిక తడిసిన వీపు, బెంచీ చెక్క గీత పడిన వీపు, కదలని మెడ. పొద్దుటినుంచి నేను రాయలేకపోయిన జవాబు ఎదురుగా నిలబడి ఉంది, ఎర్ర చీర కట్టుకుని. ఇన్నేళ్లూ ఆ జవాబు నా వీపే అయినప్పుడు అది నాకెట్లా కనబడుతుంది?

‘‘ఇది ఎవలకు?’’ అన్నాడు దామోదర్.

పక్క సందులో ఒక కుక్క, నేను ఒట్టేసి చెబుతున్నాను, సరిగ్గా అప్పుడే తుమ్మింది. స్వర్ణ మెడ తిరగలేదు.